స్కేలు బావ లేఅవుటులో వంకర సందు

ఏమండీ అల్లుడుగారూ! స్కూటర్ని గోడకు మీరు రాసి, తిట్లు మాత్రం గోడకు పెడతారేమిటి? అది పాపం కట్టినప్పటినుంచీ అక్కడే నిలబడి ఉంది, మీకు ఎదురేమీ రాలేదు. రండి, ఇలా ఈ స్టూలు మీద కూర్చోండి. మోచెయ్యి చూపించండి. అబ్బే, ఏం కాలేదు, చర్మం కాస్త సిగ్గుపడింది, అంతే.

మా పెద్దక్క కూతుర్ని చేసుకున్న కొత్త అల్లుడు కదా అని ఇన్నాళ్ళూ మిమ్మల్ని ఒక్క మాట అనకుండా నోరు కట్టుకున్నాను. ఆ బాధ నాకే తెలుసు. కానీ ఇందాక మీరు అన్నది నా చెవిన పడింది. ‘లేఅవుటంతా గీత గీసినట్టుంది, ఈ ఒక్క సందే పాములా మెలికలు తిరిగింది, దీన్ని గీసినవాడు తాగి గీశాడా’ అన్నారు. గీసింది మగవాడు కాదండీ, ఒక ఆడపిల్ల. ఆ పిల్ల టీ కూడా తాగదు. మెలికలు తిప్పింది నేను. మీలాంటి పెద్ద చదువులవాళ్ళు రోజూ స్కూటర్ గీసుకునే సందుకు రూపకర్త, ఎనిమిదో తరగతిలో మాస్టారికీ నాకూ పడక బయటికొచ్చేసిన ఈ సైకిల్ మెకానిక్. ఇప్పుడు నోరు మూసుకుని వినండి. అంటే, మర్యాదగానే మూసుకోండి.

ముందు మీ మామగారు, అంటే మా బావ. ఊళ్ళో ఆయన్ని స్కేలు బావ అంటారు. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట ఆయనకు ఒక స్టీలు స్కేలుంటుంది. సబ్బు కోస్తే కొలిచి కోస్తాడు. గోడ మీద ఫొటో ఒక వెంట్రుక వాసి పక్కకు ఒరిగితే ఆయనకు అన్నం సహించదు. వంకర అనే మాట వింటేనే ఆయన చెయ్యి జేబులో స్కేలు మీదికి పోతుంది.

ఇల్లు వెనక ఖాళీ నేల బావదే. ఇటు చివర పెద్దక్క ఇల్లు, అటు చివర చిన్నక్క ఇల్లూ కుట్టుమిషను కొట్టూ. మధ్యలో గడ్డి, పొదలు, వానొస్తే పారే ఒక పిల్లకాలవ. అక్కలిద్దరూ మధ్యాహ్నం పని అయ్యాక ఈమె అటో ఆమె ఇటో నడిచి వెళ్ళి, సాయంత్రం దాకా ఊరందరి కబుర్లూ ఉతికి ఆరేసేవాళ్ళు. వాళ్ళ కాళ్ళే ఆ నేల మీద దారి వేశాయి.

ఆ తర్వాత కర్టెన్ల గొడవ వచ్చింది. చిన్నక్క కుట్టిచ్చిన కర్టెన్ ఒక పక్క కిందికి జారిందని పెద్దక్క అంది. “నా కుట్టు సరిగ్గానే ఉంది, నీ కిటికీయే వంకర” అని చిన్నక్క అంది. స్కేలు బావ ఉన్న ఇంట్లో కిటికీ వంకర అనడమా! ఇంకేముంది, ఉప్పూ నిప్పూ అయ్యారు. రాకపోకలు ఆగాయి. దారి మీద గడ్డి మోకాలెత్తు లేచి కూర్చుంది.

సరిగ్గా అప్పుడే బావ ఆ నేలను ప్లాట్లు చేస్తానన్నాడు. దానికి సిటీ ఆఫీసు ఒప్పుకోవాలి కదా. ఒక సర్వేయరమ్మాయిని పిలిపించాడు. ఆ పిల్ల వసారాలో బల్ల మీద కాగితం పరిచి, నాలుగు మూలలా నాలుగు గ్లాసులు పెట్టి విషయం చెప్పింది.

“ఇది ప్రిలిమినరీ ప్లానండీ. అసలు ప్లానుకు ముందు చూపించేది.”

“అంటే పెళ్ళికి ముందు నిశ్చితార్థం” అన్నాను నేను.

“అంతే బాబాయ్. పేచీలన్నీ ఇక్కడే తేల్చుకోవాలి. రోడ్లెక్కడ, ప్లాట్లెక్కడ, వాననీళ్ళు ఎటు పోతాయి, ఫైరింజన్ వస్తే ఎక్కడ వెనక్కి తిరుగుతుంది, అన్నీ చూపించాలి.”

“మా నేలలో ఫైరింజన్ డాన్సు చేయాలా ఇప్పుడు?” అని బావ గొణిగాడు. అయినా స్కేలు తీసి బరబరా గీశాడు. నిటారుగా రోడ్లు, నిటారుగా ప్లాట్లు. ఇటు చివర నుంచి అటు చివరకు ప్లాట్ల గోడ తప్ప సందు లేదు.

తలుపు దగ్గర నిలబడ్డ పెద్దక్క మెల్లగా అడిగింది. “మరి నడిచే దారేదండీ?”

“ఏ దారి? ఎవరు నడుస్తున్నారు? మీ అక్కచెల్లెళ్ళకు మాటల్లేవు, దారి మాత్రం కావాలా? గోడకు కొట్టుకునే తలకు దువ్వెనెందుకు?” అన్నాడు బావ. ఆ సామెత ఎక్కడిదో ఆయనకూ తెలియదు.

సర్వేయరమ్మాయి గొంతు సవరించుకుని, చెవిటివాళ్ళకు చెప్పినట్టు గట్టిగా అంది. “చూడండీ. జనం వాడుతున్న నడకదారి నేల మీద కనిపిస్తే నేను గీసి తీరాలి. గీశానంటే సిటీవాళ్ళు దాన్ని మూయనివ్వరు, సందుగా వదలాల్సిందే. కనిపించకపోతే నేనేం చేయలేను. మీరు చెప్పే కబుర్లు గీయడానికి నా పెన్సిల్ పనికిరాదు. కాలవలో నీళ్ళు తగ్గాక వచ్చి కొలుస్తాను. ఆ రోజు ఏది కనిపిస్తే అది.”

“అదీ మాట! నేల మీద ఉన్నది ఉంటుంది, లేనిది ఉండదు. నాకు సమ్మతం” అన్నాడు బావ, గడ్డి వైపు చూసి మీసం సవరించుకుంటూ.

పెద్దక్క లోపలికి వెళ్ళి వెనక కిటికీ దగ్గర నిలబడింది. ఆ కర్టెన్ పక్కకు జరిపి అటు చివర కొట్టు వైపు చూస్తూ ఉండిపోయింది. అల్లుడుగారూ, నేను ఎంత వెధవనైనా అది చూసి నాకు వేళాకోళం ఆడాలనిపించలేదు. గోడలు లేస్తే చిన్నక్క ఇంటికి మెయిన్ రోడ్డు చుట్టూ తిరిగి పోవాలి. అక్కడ లారీలు మనిషిని మనిషిగా చూడవు. పెద్దక్క మోకాళ్ళు మెట్టు దిగడానికే ముందురోజు నుంచి ఆలోచిస్తాయి. ఇవాళ అలిగారు సరే, దారంటూ ఉంటే ఎప్పటికైనా ఒకరు దిగొస్తారు. దారే పోతే ఇద్దరికీ ఆ అలకే మిగులుతుంది.

అప్పుడు నా బుర్రలో మెరుపు మెరిసింది. దారి కనిపించాలి, అంతే కదా? కనిపిస్తుంది!

మర్నాడు పొద్దున్నే ఈలవేసుకుంటూ ఆ గడ్డిలో అటూ ఇటూ నడిచాను. వెనక్కి తిరిగి చూస్తే, గడ్డి నన్ను వెక్కిరిస్తున్నట్టు మళ్ళీ లేచి నిలబడింది. ఒక్కడి కాళ్ళతో అయ్యే పని కాదని తేలిపోయింది. నా కొట్లో పాత సైకిల్ చక్రం తీసి ఒక తోపుడుబండి కట్టాను. బండైతే ఉంది, బండిలో ఏం వేయాలి? ఊరికే ఖాళీ బండి తోస్తుంటే బావ వచ్చి పిచ్చి డాక్టరుకు ఫోను చేస్తాడు.

మనకు దేవుడిచ్చిన విద్య ఒకటుంది కదండీ, పుల్లలు పెట్టడం! తిన్నగా చిన్నక్క కొట్టుకు వెళ్ళాను.

“చిన్నక్కా, నీకు చెప్పకూడదు గానీ...”

“అయితే చెప్పకు.”

“నీ ఇస్త్రీపెట్టె ఇంకా తన దగ్గరే ఉందట. నీకు గుర్తే లేదని నవ్వుతోంది పెద్దక్క.”

చిన్నక్క మిషను ఆపింది. నా మొహంలోకి కాసేపు చూసింది. “నవ్విందా? సరే. ఆమె స్టూలు నా దగ్గరుంది. ఇదిగో, తీసుకెళ్ళి ఆమె మొహాన కొట్టి, నా ఇస్త్రీపెట్టె పట్రా.”

నాకు నవ్వు ఆగలేదు. స్టూలు బండిలో వేసుకుని గడ్డిలో పడ్డాను. ఇటు వచ్చి పెద్దక్కతో, “నీ స్టూలు కుంటిదట, కూర్చుంటే కుట్టు వంకరపోతోందట” అన్నాను.

“కుంటిదా? ఆగు. ఆమె ఇచ్చిన పూలకుండీలున్నాయి. అన్నీ ఎత్తు. మట్టితో సహా ఎత్తు. ఒక్కటి కూడా నాకొద్దు.”

మట్టి ఎందుకక్కా అంటే, “ఆమె మట్టి నాకెందుకురా?” అంది. న్యాయమే కదా అనుకున్నాను.

అలా మొదలైంది. నేను ఇటు ఒక మాట అంటిస్తాను, అటు ఒక మాట అంటిస్తాను. వాళ్ళు పుట్టిన నాటి నుంచీ ఒకరికొకరు ఇచ్చుకున్నవన్నీ తిరుగు ప్రయాణం కట్టాయి. అద్దం, ఇనప ట్రంకుపెట్టె, నీళ్ళ డ్రమ్ము. ఆ ట్రంకుపెట్టెనైతే “ఇది నాది కాదు, దానిదే” అని ఈమె, “ఛీ, నాకెందుకు” అని ఆమె. అది ఎన్నిసార్లు తిరిగిందో దానికే తెలియాలి. దాని బరువు కూడా వెళ్ళినప్పుడల్లా పెరిగేది. లోపల ఏముందని మూత తీయబోతే, “ఆడవాళ్ళ పెట్టె తెరుస్తావా, సిగ్గులేదూ!” అని చిన్నక్క కత్తెర చూపించింది.

ఒకరోజు వాన పడి వెలిసింది. కాసేపు పడుకుందామని నడుం వాల్చానో లేదో, పెద్దక్క వచ్చి తట్టింది. “లేరా. ముందుమెట్లకు అది ఇచ్చిన ఇటుకలు మిగిలినవి ఉన్నాయి. ఇప్పుడే పట్టుకెళ్ళు.”

“తడిగా ఉందక్కా, బండి దిగబడుతుంది.”

“దిగబడితే దిగబడనీ. నా కోపం ఆరేలోపల అవి ఈ గడప దాటాలి.”

పౌరుషమంటే అదీ అనుకున్నాను. నేను అంటించిన చిచ్చు ఎంత బాగా రాజుకుందో చూసుకుని మురిసిపోయాను. నడుం విరిగిపోతోంది గానీ, నవ్వు మాత్రం చెవులదాకా ఉంది.

బావ ఓసారి దారి మధ్యలో పట్టుకున్నాడు. “ఏంట్రా అది?”

“గొడవ, బావా. మోసుకెళ్తున్నా.”

“ఆడవాళ్ళ గొడవలో తల దూర్చకు.”

“తల కాదు బావా, బండి దూరుస్తున్నా.”

ఆయన బండిలోకి తొంగిచూసి సంతోషించాడు. అక్కచెల్లెళ్ళ మధ్య వైరం ముదిరితే దారి అడిగేవాళ్ళే ఉండరని ఆయన లెక్క. “అటకమీద ఆ ఇనప మంచం కూడా వాళ్ళదే. ఇచ్చిపారెయ్, ఇల్లు ఖాళీ అవుతుంది” అని తనే ఓ చెయ్యి వేసి బండిలో పెట్టించాడు. చక్రం కిర్రుమంటోందని నూనె కూడా పోశాడు. తన ప్లాటు మీదుగా పోయే దారికి తనే నూనె పోసిన మొగుణ్ణి నేను ఎక్కడా చూడలేదు.

ఇక మీరడిగిన మెలికలు. నేనేమన్నా పటం చూసుకుని తోశానా? మొదట ముళ్ళపొద, దాన్ని తప్పించాను. తర్వాత బురద, చెప్పులు తడుస్తాయని గట్టుమీదుగా పోయాను. ఆ తర్వాత బావ గది కిటికీకి కనపడకుండా చింపిరిపొదల చాటుగా. చివర్లో చిన్నక్క ఇంటి కుక్కకు నేనంటే గిట్టదు, దాని గొలుసు అందనంత దూరంగా. అంతే, మీ పాము తయారైంది.

కాలవ తగ్గింది. సర్వేయరమ్మాయి మూడుకాళ్ళ స్టాండూ దాని మీద దుర్భిణీ వేసుకుని వచ్చింది. అంకెల కర్ర పట్టుకునే పని నేనే అడిగి తీసుకున్నాను. దూరంగా నిలబడి కర్రను ఓ చిన్న ఎత్తు ఎత్తాను, ఏం జరుగుతుందో చూద్దామని.

“బాబాయ్! కర్ర దించండి. మీరలా ఎత్తితే నా ప్లానులో కాలవ కొండెక్కుతుంది” అని అక్కడినుంచే కేకేసింది. దేవుడా, ఆ పిల్లకు రెండు కళ్ళు కాదు!

దారి దగ్గరకు వచ్చాం. ఆ పిల్ల ఆగి చూసింది. నేల నున్నగా, గట్టిగా, సిమెంటు వేసినట్టు మెరుస్తోంది. ఒక్క గడ్డిపోచ లేదు. మెలిక మెలికకూ నన్ను నిలబెట్టి, అన్నీ రాసుకుంది. బావ వచ్చి చూసి కొయ్యబారిపోయాడు.

“ఇది మొన్న లేదే!”

“ఇవాళ ఉంది కదండీ. నేల మీద ఉన్నది ఉంటుందన్నారు మీరే.”

“అయితే నిటారుగా అన్నా గీయమ్మా, నా ప్రాణం పోతోంది” అని స్కేలు అందించాడు.

“నిటారుగా గీస్తే కాలవలో పడుతుందండీ. బండి తోసినవాళ్ళెవరో గట్టు పట్టుకుని పోయారు. ఇలా ఉంటేనే వానలో నడవొచ్చు.”

సిటీ ఆఫీసు నుంచి ఒక పెద్దమనిషి కూడా వచ్చి నేలను చూసుకున్నాడు. బూటుతో తట్టి చూశాడు. “ఈ దారి ఎప్పటిది?” అని అడిగాడు. బావ నోరు తెరిచేలోపల ఇటు చివర నుంచి పెద్దక్క, “నేను కాపురానికొచ్చిన నాటిది బాబూ” అంది. అటు చివర నుంచి చిన్నక్క, “నేను కొట్టు పెట్టిన నాటిది నాయనా” అంది. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. చూసుకోకుండానే మాట ఎంత బాగా కలిసిందో అనుకున్నాను. రెండూ నిజాలే మరి. ఆయన తల ఊపి, “దీన్ని సందుగా వదలండి” అని రాసుకుని వెళ్ళాడు. ఒక ప్లాటు సన్నబడింది. బావ ఆ రాత్రి అన్నం తినలేదు, ప్లాటు పోయినందుకు కాదు, ప్లానులో వంకర గీత ఉన్నందుకు.

ప్రిలిమినరీ ప్లాను మీద ముద్ర పడింది. ఇక ఆగుతానా నేను! ఒక మనిషి ఇంతమందిని బోల్తా కొట్టించాక, చెప్పుకోకపోతే కడుపు ఉబ్బిపోదూ? పైగా అక్కలిద్దర్నీ కలిపే పుణ్యం కూడా నా చేతుల మీదుగానే అయిపోవాలి. పెద్దక్క ఇంట్లో లేదు. సరే, ముందు చిన్నక్కకే చెబుదామని ఆ దారెంట, మొదటిసారి ఖాళీ చేతుల్తో, రాజాలా నడుచుకుంటూ వెళ్ళాను.

కొట్లో ముగ్గురున్నారు. స్టూలు మీద పెద్దక్క. మిషను దగ్గర చిన్నక్క. గుమ్మంలో, ప్లాను కాపీ చంకలో పెట్టుకుని సర్వేయరమ్మాయి. ముగ్గురూ పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు.

“ఇదేంటి? మీరిద్దరూ... మాట్లాడుకుంటున్నారా?”

“రారా తమ్ముడూ, కూర్చో. నడుం ఎలా ఉంది?” అంది పెద్దక్క.

“ముందు నేను చెప్పేది వినండి. మీ ఇద్దర్నీ నేను నిలువునా ముంచాను! ఈమె నిన్ను చూసి నవ్వలేదు, ఆమె స్టూలు కుంటిదనలేదు. అన్నీ నేను కల్పించినవే. మీచేత సామాన్లు తిప్పి పంపించి, బావ కళ్ళు కప్పి, ఈ అమ్మాయి కళ్ళు కప్పి, సిటీ ఆఫీసు కళ్ళు కప్పి దారి వేసింది నేను! ఇప్పుడు చెప్పండి, ఎవరు వెర్రివాళ్ళు?”

అక్కలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చిన్నక్క కళ్ళు తుడుచుకుంది. పశ్చాత్తాపం కాబోలు అనుకున్నాను.

సర్వేయరమ్మాయే ముందు నోరు విప్పింది. “బాబాయ్, మీ బావగారు నన్నే పిలుస్తారని తెలుసుకుని, ముందే వీళ్ళిద్దరూ ఒకే బస్సులో మా ఆఫీసుకొచ్చారు. చేతులు పట్టుకుని ఏడ్చారు కూడా. దారి ఎలా నిలబెట్టుకోవాలమ్మా అని అడిగారు. నేల మీద కనిపిస్తే చాలు అన్నాను. గడ్డి పెరిగిపోయింది, తొక్కేదెవరు అని నేనే అడిగాను.”

“అప్పటికే కలిసిపోయారా? కర్టెన్లు?”

“దారి పోతుందని తెలిశాక కర్టెన్లు ఎవడికి కావాలిరా?” అంది చిన్నక్క.

“మరి తొక్కేదెవరంటే ఏమన్నారు?” అన్నాను.

“మా మోకాళ్ళు పనికిరావమ్మా, కానీ మాకొక తమ్ముడున్నాడు అన్నాం” అంది పెద్దక్క. “ఆ రోజు వసారాలో వాడు వినేలా కాస్త గట్టిగా చెప్పమ్మా, మిగతాది మేము చూసుకుంటాం అని బతిమాలాం.”

“ఆ ట్రంకుపెట్టెలో...”

“రాళ్ళు” అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

అల్లుడుగారూ, నవ్వకండి. నవ్వితే మోచెయ్యి నొప్పెడుతుంది. “అంత అవసరమైతే నన్నే నోరారా అడగొచ్చు కదక్కా! సొంత తమ్ముణ్ణి, కాదంటానా?” అన్నాను.

పెద్దక్క ప్రేమగా నా నెత్తిమీద ఒక్కటి మొట్టింది. “అడిగితే చేస్తావురా నువ్వు? రేపు చూద్దాం అక్కా అంటావు. ఎవర్నో మోసం చేస్తున్నానని నమ్మితే మాత్రం, ఇటుకలు కూడా నవ్వుతూ మోస్తావు.”